కొత్త రక్తపరీక్ష వచ్చేదాకా ఆగమంటారా?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వయసు 64. కొబ్బరితోట, కౌలుకి తీసుకున్న రెండెకరాల రొయ్యల చెరువు ఉన్నాయి. జూలై మొదటివారంలో మా ఊళ్ళో హెల్త్ క్యాంపు పెడితే అందరితోపాటు నేనూ రక్తం ఇచ్చాను. షుగరు, కొలెస్ట్రాలు బాగానే ఉన్నాయి గాని పీఎస్ఏ అని ఒకటి 5.8 వచ్చింది. పక్కన 0 నుంచి 4 అని ఉంది. నా అంకెని మాత్రం లావుగా అచ్చు వేశారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కావచ్చు, బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసి చూసే పరీక్ష, చేయించుకోమని అక్కడి డాక్టరు గారన్నారు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి నెట్‌లో చూసి, “కొత్త రక్తపరీక్షలు వస్తున్నాయి నాన్నా, సూదులు పొడిపించుకోనక్కర్లేదు, కొన్నాళ్ళు ఆగు” అంటున్నాడు. మా బావమరిది అయితే గెడ్డని సూదితో కెలికితే ఒళ్ళంతా పాకేస్తుందంటున్నాడు. జూన్‌లో మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోందని ఏడాదిగా మందులషాపతను ఇచ్చిన గోలీ రోజుకొకటి వేసుకుంటున్నాను. ఇంట్లో ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఆగమంటారా, వెళ్ళమంటారా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ముందు లేచి ఆ గోలీ షీటు తీసుకురండి. తిరగేసి, వెనకాల వెండికాగితం మీద సన్నక్షరాల్లో ఏం రాసుందో కళ్ళజోడు పెట్టుకుని చదవండి. బయాప్సీ సంగతి, కొత్త పరీక్షల సంగతి తర్వాత. ఉత్తరం చివర్లో మీరు ఊరికే ఓ ముక్కగా పడేసిన ఆ గోలీయే నాకు మొదట కనబడింది.

టామ్సులోసిన్ అని ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు. అది మూత్రం దారిని వదులు చేస్తుంది, పీఎస్ఏ జోలికి పోదు. దానితోపాటు డ్యూటాస్టెరైడ్ అనో, ఫినాస్టెరైడ్ అనో రెండో పేరు కూడా ఉంటే కథ మారిపోతుంది. ఈ రెండో రకం మందు ప్రోస్టేట్ గ్రంథిని కుదించి చిన్నది చేస్తుంది. ఆర్నెల్లో, ఏడాదో వాడాక రక్తంలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ఆ మందు మీద ఉన్నవాళ్ళ రిపోర్టుని డాక్టర్లు రెండుతో గుణించి చదువుతారు. అప్పుడు మీ 5.8 కాస్తా పదకొండున్నర అవుతుంది. క్యాంపులో ఎవరైనా మిమ్మల్ని “ఏం మందులు వాడుతున్నారు?” అని అడిగారా? అడిగి ఉండరు. వెనకాల అంత పొడుగు క్యూ ఉంటే నేనైనా అడిగేవాణ్ణో కాదో. జుట్టు రాలకుండా కుర్రాళ్ళు వాడే మాత్రల్లో కూడా ఈ ఫినాస్టెరైడే ఉంటుంది. అది మందని, దాన్ని డాక్టరుతో చెప్పాలని చాలామందికి తోచదు.

రెండో చిక్కు జూన్‌లో వచ్చిన మంట, చలిజ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే పీఎస్ఏ అమాంతం ఎగబాకుతుంది, మళ్ళీ దిగడానికి వారాలు పడుతుంది. మీరు రక్తం ఇచ్చింది నెల తిరక్కుండానే. అంటే మీ అంకెని ఒకటి పైకి తోసి ఉంటుంది, ఇంకొకటి కిందికి లాగి ఉండొచ్చు. లాకులు ఎత్తారో దించారో తెలియకుండా కాలవలో కర్ర పెట్టి లోతు చూసినట్టుంది. ఆ అంకె పట్టుకుని తిన్నగా బయాప్సీకి వెళ్ళక్కర్లేదు. అలాగని “నాలుగుకి కాస్తే కదా ఎక్కువ” అని కొత్త పరీక్ష కోసం కూర్చోనూ కూడదు. యూరాలజిస్టు, అంటే మూత్రవ్యాధుల డాక్టరు, దగ్గరికి వెళ్ళండి, ఈ రెండు విషయాలూ చెప్పండి, ఆరేడు వారాలు గడిచాక పీఎస్ఏ మళ్ళీ చేయించండి. సూటిగా చెప్పాలంటే నా జవాబు ఇంతే. కానీ మీ అబ్బాయి అడిగినదాంట్లో తప్పు లేదు. దానికి జవాబు చెప్పకపోతే రేపు ఇంకో వీడియో పంపుతాడు.

నేను సర్జన్ని కాను. బయోకెమిస్ట్రీ చదివి, ముప్ఫై ఏళ్ళు ల్యాబుల్లో గడిపినవాణ్ణి. కాబట్టి పరీక్షల గురించే మాట్లాడతాను.

పీఎస్ఏ అనేది క్యాన్సర్ వదిలే పదార్థం కాదు. ప్రతి మగవాడి ప్రోస్టేట్‌లోనూ, అంటే పత్రికల్లో పౌరుషగ్రంథి అని రాసేదాంట్లోనూ, తయారయ్యే ఎంజైము. గడ్డకట్టిన వీర్యాన్ని పల్చబరచడం దాని పని. అది రక్తంలో ఉండాల్సింది కాదు, కొద్దిగా ఊరుతుంది. వయసుతో గ్రంథి పెరిగితే ఊట పెరుగుతుంది, వాస్తే పెరుగుతుంది, మూత్రం బిగపట్టి గొట్టం వేస్తే పెరుగుతుంది, క్యాన్సర్ వచ్చినా పెరుగుతుంది. నీళ్ళు ఊరుతున్నాయని చెబుతుంది గాని గట్టు ఎందుకు ఊరుతోందో చెప్పదు. ఎండ్రకాయ బొరియ వల్లనో, గండి పడబోతోందో మీరు దిగి చూసుకోవాల్సిందే.

ఇది రాకముందు ఇంకా గుడ్డిగా ఉండేది. 1938లో అమెరికాలో గట్‌మన్ దంపతులు ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్ళ రక్తంలో ఎక్కువగా ఉంటుందని చూపించారు. ఎముకలకి పాకాక తెలిస్తే ఏం లాభం? చాలా ఏళ్ళు మాత్రం అదే దిక్కు. ఫాస్ఫేటు మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి 1925 నుంచి ప్రపంచమంతా ల్యాబుల్లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా వాడారు. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. మొదటిసారి ఆ పేరు పాఠ్యపుస్తకంలో చూసినప్పుడు క్లాసులో పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాను.

పీఎస్ఏని 1979లో విడిగా శుద్ధి చేశారు. 1986లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది, అదీ అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళని గమనించడానికి. క్యాన్సర్ని కనిపెట్టడంలో సాయానికి వాడొచ్చని అన్నది 1994లో. మీ రిపోర్టులో కనబడే ఆ 4 కూడా శాస్త్రం చెక్కిన గీత కాదు. 1991లో కాటలోనా అనే సర్జన్ 1,653 మంది మగవాళ్ళ మీద చేసిన పరిశోధన తర్వాత అది స్థిరపడిపోయింది. తీరా 2004లో ఇంకొక పరిశోధనలో పీఎస్ఏ నాలుగు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళకి కూడా బయాప్సీ చేసి చూస్తే నూటికి పదిహేనుమందిలో క్యాన్సర్ కనబడింది. ఇటు చూస్తే నాలుగుకి, పదికి మధ్య ఉన్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి బయాప్సీలో ఏమీ దొరకదు. పది దాటితే మాత్రం సగానికి పైగా దొరుకుతుంది. గోలీ షీటు చదవమని ఎందుకు అంత తొందరపెట్టానో ఇప్పుడు తెలిసింది కదా. 5.8కీ, పదకొండున్నరకీ తేడా అది.

మీ లంకల భాషలో చెప్తాను. పీఎస్ఏలో 4 అంటే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు. అక్కడికి నీళ్ళు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. 11.70 ఉంటే మీరు గుర్రుపెట్టి నిద్రపోరు, 11.80 రాగానే గేదెల్ని తోలుకుని గట్టెక్కేయరు. మీరు అడిగే ప్రశ్నలు వేరు. భద్రాచలం దగ్గర ఎంతుంది? పెరుగుతోందా, తగ్గుతోందా? శబరి కూడా పొంగిందా? సముద్రం పోటు మీదుందా, పాటు మీదుందా? ఇన్నీ కలుపుకుని, సామాన్లు అటకెక్కించాలో వద్దో తేల్చుకుంటారు. కొత్తగా వస్తున్న రక్తపరీక్షల్లో ఎక్కువ భాగం చేసేది సరిగ్గా ఇదే. ఒకే గేజీ చూసి భయపడకుండా నాలుగైదు గేజీలు కలిపి చదవడం.

అందులో అన్నిటికంటే పాతది ఫ్రీ పీఎస్ఏ. రక్తంలో పీఎస్ఏ చాలావరకు ఇంకో ప్రోటీన్‌కి అతుక్కుని తిరుగుతుంది, కొంత విడిగా తిరుగుతుంది. క్యాన్సర్ ఉన్నవాళ్ళలో విడిగా తిరిగే వంతు తక్కువ. మొత్తం పీఎస్ఏ నాలుగు–పది మధ్య ఉన్నప్పుడు ఈ వంతు నూటికి పది కంటే తక్కువైతే క్యాన్సర్ ఉండే అవకాశం సగానికి పైనే. ఇరవై ఐదు దాటితే పదిమందిలో ఒకరి కంటే తక్కువ. డ్యూటాస్టెరైడ్ లాంటి గోలీలు మొత్తాన్నీ, విడి భాగాన్నీ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తాయి కాబట్టి ఈ నిష్పత్తి పెద్దగా చెడదు. ఈ పరీక్ష కోసం అమెరికా పోనక్కర్లేదు. పట్నం ల్యాబులకి శాంపిళ్ళు పంపే సెంటర్లు కోనసీమలోనూ ఉన్నాయి.

ఆ తర్వాతిది ప్రోస్టేట్ హెల్త్ ఇండెక్స్. పీఎస్ఏ పుట్టినప్పుడు తోకతో పుడుతుంది. ఆ తోక కత్తిరిస్తేనే అది పనిచేసే పీఎస్ఏ అవుతుంది. క్యాన్సర్ కణాల్లో ఆ కత్తిరింపు సరిగా జరక్క, తోక కాస్త మిగిలిపోయిన రకం ఎక్కువగా బయటికొస్తుంది. దాన్ని, ఫ్రీ పీఎస్ఏని, మొత్తం పీఎస్ఏని కలిపి ఒక లెక్క కడతారు. 2012లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. ఫోర్‌కె స్కోర్ అని ఇంకోటి ఉంది. అది పీఎస్ఏ కుటుంబంలోవే నాలుగు ప్రోటీన్లు కొలిచి, వయసు, డాక్టరు మలద్వారంలోంచి వేలితో గ్రంథిని తడిమి చేసిన పరీక్ష ఫలితం, అంతకుముందు బయాప్సీ అయిందా లేదా అన్నవి కూడా కలుపుతుంది. స్వీడన్‌లో కరోలిన్‌స్కా వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన స్టాక్‌హోమ్–3లో ప్రోటీన్లతోపాటు వందకి పైగా జన్యు గుర్తులు కూడా చూస్తారు. 2015లో వాళ్ళు దాదాపు 59 వేలమంది మీద పరీక్షించి చెప్పిందేమిటంటే, ప్రమాదకరమైన క్యాన్సర్లు తప్పిపోకుండానే బయాప్సీల్లో మూడో వంతు తగ్గించొచ్చని.

మీ అబ్బాయికి ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. “మూడో వంతు తగ్గించొచ్చు” అన్నారు. బయాప్సీ అక్కర్లేదనలేదు. ఈ పరీక్షలన్నీ ఎవరికి సూది వేయాలో, ఎవరికి అక్కర్లేదో వేరుచేయడానికి పుట్టాయి. వాటిల్లో ఏదీ సూదికి బదులు రాదు.

ఇక వాట్సాప్‌లో తిరిగే ‘ఒక్క చుక్క రక్తంతో అన్ని క్యాన్సర్లూ’ రకం. కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలు రక్తంలో తేలతాయి. వాటి మీది గుర్తుల్ని బట్టి క్యాన్సర్ ఉందా, ఎక్కడుంది అని వెతికే పరీక్షలు వచ్చాయి. వాటిల్లో బాగా పేరు మోసిన గ్యాలెరి అనే పరీక్ష ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. కొన్ని క్యాన్సర్లని బాగానే పట్టింది. ప్రోస్టేట్ దగ్గరికి వచ్చేసరికి నూటికి పదకొండు మాత్రమే దొరికాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలావరకు నింపాదిగా పెరిగేది, రక్తంలోకి డీఎన్ఏ పెద్దగా రాల్చదు. అలాంటి పరీక్షలో ‘ఏమీ లేదు’ అని వచ్చిందని మీరు ఊపిరి పీల్చుకుంటే, ఆ ఊపిరికి విలువ లేదు.

అసలు కొత్త పరీక్ష ఇన్నేళ్ళు ఎందుకు పడుతుందని మీకు అనిపించొచ్చు. నేను ల్యాబు మనిషిని కాబట్టి నాకు ఇక్కడే నోరూరుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మొదటి మెట్టు తేలిక. క్యాన్సర్ ముదిరిన వందమంది రక్తం, ఆరోగ్యంగా ఉన్న వందమంది రక్తం తెచ్చి ఏ ప్రోటీను తేడాగా ఉందో చూస్తారు. ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. పేపర్లో వార్త వస్తుంది. అసలు కష్టం తర్వాత. మనకి పరీక్ష కావాల్సింది ముదిరినవాళ్ళకీ పాతికేళ్ళ కుర్రాళ్ళకీ తేడా చెప్పడానికి కాదు. మీలాంటి అరవై నాలుగేళ్ళ మనిషి, గ్రంథి కాస్త పెరిగి, రాత్రి నాలుగుసార్లు లేస్తూ, ఈమధ్యే ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాడు, ఇంకో అలాంటి మనిషి, లోపల క్యాన్సర్ మొదలైనవాడు, వీళ్ళిద్దరికీ తేడా చెప్పాలి. మొదటి మెట్టు మీద మెరిసిన గుర్తులు చాలావరకు ఇక్కడ జారిపడతాయి.

రెండోది శాంపిలు. మీరు రొయ్య పట్టాక ఐసు వేయకుండా ప్లాంటుకి పంపుతారా? రక్తమూ అంతే. మొత్తం పీఎస్ఏ కాస్త మొండిది, ఫ్రీ పీఎస్ఏ సుకుమారం. రక్తం తీసిన కొద్ది గంటల్లో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, వేరుచేసి చల్లబరచకపోతే అది తరిగిపోతుంది. తరిగితే నిష్పత్తి తగ్గుతుంది, తగ్గితే లేని క్యాన్సర్ ఉన్నట్టు కనబడుతుంది. స్వీడన్ చలిలో బాగా పనిచేసిన పరీక్ష మే నెలలో మలికిపురం నుంచి బండి మీద డబ్బాలో వచ్చిన శాంపిలు మీద కూడా అలాగే పనిచేయాలి. ఇది ఎవరూ విలేఖరుల సమావేశంలో చెప్పరు. ఫ్రీ పీఎస్ఏ చేయించుకునేటప్పుడు మాత్రం “సీరం ఇక్కడే తీస్తారా, అలాగే పంపుతారా?” అని మీరు అడగండి.

మూడోది లెక్క. ఉదాహరణకి మీ వయసు మగవాళ్ళు వెయ్యిమంది ఉన్నారనుకుందాం, అందులో ఇరవైమందికి ప్రమాదకరమైన క్యాన్సర్ ఉందనుకుందాం. నూటికి తొంభై కచ్చితంగా చెప్పే పరీక్ష మీ అబ్బాయి తెచ్చాడనుకుందాం. అది ఇరవైలో పద్ధెనిమిదిమందిని పడుతుంది. భేష్. కానీ ఏమీ లేని 980మందిలో కూడా నూటికి పదిమంది చొప్పున తప్పుగా పట్టుకుంటుంది. వాళ్ళు 98మంది. అంటే ‘పాజిటివ్’ కాగితం చేత్తో పట్టుకుని బయటికొచ్చిన 116మందిలో దాదాపు వందమందికి ఏమీ లేదు. తొంభై శాతం అని అచ్చువేసిన పరీక్ష ఇంట్లోకి తెచ్చే టెన్షన్ ఇది. సీడ్‌కి, అంటే రొయ్యపిల్లలకి, జబ్బు ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయించడం మీకు తెలిసిన పనే. అందులో నెగెటివ్ వచ్చిన సీడ్ వేసినా చెరువులో వైట్ స్పాట్ తెగులు వచ్చిన ఏడాది మీకూ ఉండే ఉంటుంది. పరీక్ష అబద్ధం చెప్పిందని కాదు, ఏ పరీక్షకైనా చెప్పగలిగినంతే చెప్పడం వచ్చు.

నాలుగోది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది. క్యాన్సర్ ఉందని చెప్పడం చాలదు. ప్రోస్టేట్‌లో కొన్ని క్యాన్సర్లు ఇరవై ఏళ్ళయినా కదలవు. మనిషి వాటితోనే బతికి, ఇంకేదో కారణంతో, అవి ఉన్నాయని తెలియకుండానే పోతాడు. కొన్ని మాత్రం రెండు మూడేళ్ళలో ఎముకలకి చేరతాయి. పీఎస్ఏకి ఈ తేడా తెలియదు. బ్రిటన్‌లో పీఎస్ఏ ద్వారా తొలిదశలో దొరికిన 1,643 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆపరేషన్, ఒక జట్టుకి రేడియేషన్, మూడో జట్టుని ఊరికే గమనిస్తూ కూర్చున్నారు. పదిహేనేళ్ళ ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ జట్టు చూసినా ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురే. ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి మూత్రం ఆగకపోవడం, మగతనం తగ్గడం మిగిలాయి. పీఎస్ఏని కనిపెట్టినవాళ్ళలో ఒకరినని చెప్పుకునే రిచర్డ్ ఆబ్లిన్ 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, అందరికీ ఈ పరీక్ష చేయడాన్ని ఏకిపారేసింది ఈ కోపంతోనే.

ఆయన కోపంలో నిజం ఉంది గాని నేను ఆయనంత దూరం పోను. యూరప్‌లో ఏడెనిమిది దేశాల మగవాళ్ళని 23 ఏళ్ళు వెంటాడిన పరిశోధన ఫలితం 2025లో వచ్చింది. పీఎస్ఏ పరీక్షకి పిలిచిన జట్టులో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక ప్రాణం దక్కింది. చిన్న అంకే. ఆ ఒక్కరి ఇంట్లో మాత్రం చిన్నది కాదు. కొత్త పరీక్షలు తయారుచేసేవాళ్ళ ముందున్న పని ఆ ఒక్కణ్ణి వదలకుండా మిగతా 455 మందినీ ఊరికే ఆసుపత్రుల చుట్టూ తిప్పకుండా ఉండటం. అది తేలాలంటే మనుషుల్ని పదిహేను, ఇరవై ఏళ్ళు గమనించాలి. దానికి అడ్డదారి లేదు. మీరు అప్పటిదాకా ఆగితే మీకు ఎనభై నాలుగు వస్తాయి.

మీకు ఇప్పుడు ఉపయోగపడే కొత్తదనం నిజానికి రక్తంలో లేదు, ఎమ్మారైలో ఉంది. ఇదివరకు పీఎస్ఏ ఎక్కువుంటే తిన్నగా పదో పన్నెండో సూదులు గ్రంథిలో అంచనాగా దింపేవారు. చెరువులో ఓ నాలుగు చోట్ల విసురువల వేసి, మొత్తం చెరువు సంగతి చెప్పినట్టే. అసలు మూల తప్పిపోవచ్చు, పనికిరాని చిన్నది తగలొచ్చు. ఇప్పుడు ముందు ఎమ్మారై తీసి, అనుమానంగా ఉన్న చోటికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. 2018లో అచ్చయిన పరిశోధనలో ఇలా ముందు బొమ్మ చూసి సూది వేస్తే ప్రమాదకరమైన క్యాన్సర్లు నూటికి 38 మందిలో దొరికాయి. పాత పద్ధతిలో 26. పైగా ఎమ్మారై తీసినవాళ్ళలో నూటికి 28 మందికి సూది అవసరమే పడలేదు. కాబట్టి రెండో పీఎస్ఏ కూడా ఎక్కువే వస్తే, లేదా వేలితో పరీక్ష చేసిన డాక్టరుకి గట్టిగా ఏదైనా తగిలితే, తర్వాత అడగాల్సింది “ఎమ్మారై తీశాక బయాప్సీ చేద్దామా?” అని. వేలితో పరీక్ష అంటే మన మగవాళ్ళు మంచం కింద దూరతారు. అరనిమిషం పని. చేయించుకోండి.

కాకినాడ జనరల్ ఆసుపత్రి మీకు దగ్గర. క్యాన్సర్ అనే తేలితే విశాఖపట్నం అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే వెంట పట్టుకెళ్ళండి, ఏది వర్తిస్తుందో అక్కడి డెస్కులోనే చెబుతారు.

మీ బావమరిది గారి మాట. ఈ భయం మన వైపు ప్రతి ఊళ్ళోనూ ఉంది, ఎందుకుందో కూడా నాకు తెలుసు. ముదిరిపోయాక ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళకి సూది వేస్తారు, వాళ్ళు నెలల్లో పోతారు, ఊరు సూదిని అంటుంది. ప్రోస్టేట్‌కి సూది వేస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందనడం నిజం కాదు. నిజమైన ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఇన్ఫెక్షన్ రావచ్చు, కొన్నాళ్ళు మూత్రంలోనో వీర్యంలోనో రక్తం కనబడొచ్చు. మలద్వారం లోంచి కాకుండా దానికి, వృషణాలకి మధ్య ఉండే చర్మం మీద నుంచి సూది వేసే పద్ధతిలో ఇన్ఫెక్షన్ భయం తక్కువ. మీకు జూన్‌లోనే ఒకసారి వచ్చింది కాబట్టి అది తప్పకుండా గుర్తుచేయండి. రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. బావమరిది గారిని వెంట తీసుకెళ్ళి ఆ ప్రశ్న ఆయన చేతే అడిగించండి. ఇంటికొచ్చాక వాదన ఉండదు.

రాత్రిళ్ళు లేవడం గురించి ఒక మాట. అది చాలావరకు వయసుతో గ్రంథి పెరగడం వల్లే, క్యాన్సర్ వల్ల కాదు. తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి అసలు లక్షణాలే ఉండవు. కానీ ఆ గోలీ ఏడాదిగా డాక్టరు చూడకుండా వాడుతున్నారు, ఇంకా నాలుగైదుసార్లు లేస్తూనే ఉన్నారు. అంటే అది పనిచేయడం లేదనే కదా. మీ అంతట మీరు ఆపకండి, షీటు చూపించి డాక్టరునే తేల్చమనండి.

ఇంట్లో ఆవిడకి చెప్పలేదన్నారు. మీరు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో మీకంటే ఆవిడకే కచ్చితంగా తెలిసి ఉంటుంది. ఈమధ్య రిపోర్టు కవరు ఎక్కడ దాచారో కూడా తెలిసే ఉంటుంది. చెప్పేయండి. క్యాన్సర్ అని మొదలుపెట్టకండి. “ఒక పరీక్ష ఎక్కువొచ్చింది, మళ్ళీ చేయించాలి, కాకినాడ పోదాం” అనండి. అది అబద్ధం కాదు, ప్రస్తుతానికి ఉన్న నిజం అంతే.

అబ్బాయి పీఎస్ఏ ఇప్పుడే చేయించుకోవాలా అని మీకు రేపో ఎల్లుండో అనుమానం వస్తుంది. అక్కర్లేదు. మీకు క్యాన్సర్ అని తేలితే అతనికి ముప్పు మామూలువాళ్ళకంటే రెట్టింపు అవుతుంది. అప్పుడైనా నలభై ఐదు దగ్గర డాక్టరుతో మాట్లాడితే చాలు. మీ అన్నదమ్ములకి, మీ నాన్నగారికి ఈ జబ్బు ఉందేమో, ఇంట్లో ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చిందేమో గుర్తుచేసుకుని కాగితం మీద రాసుకోండి. కొన్ని కుటుంబాల్లో ఇవన్నీ ఒకే జన్యువు పనే.

రెండోసారి రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు దాంపత్యానికి, సైకిలు తొక్కడానికి సెలవివ్వండి. రెండూ అంకెని కాస్త కదిలించొచ్చు. వీలైతే మొదట చేసిన ల్యాబులోనే చేయించండి, కంపెనీ కిట్టు మారితే అంకె కొంచెం మారుతుంది. ఇంకొకటి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ల్యాబులో, ఒకే ఊరినుంచి ఒకే పేరున్న ఇద్దరు ఒకే పొద్దున వచ్చారు. ట్యూబుల మీద పేరు మాత్రమే రాశాం, వయసు రాయలేదు. ఎవరి కాగితం ఎవరికి వెళ్ళిందో పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఏ జబ్బూ లేని ఒక మనిషి అన్నం తినలేదు. కాబట్టి రక్తం తీశాక వెంటనే లేచి వచ్చేయకండి. ట్యూబు మీద మీ ఇంటిపేరు, పేరు, వయసు, తేదీ సరిగ్గా పడ్డాయో లేదో చదివి, అప్పుడు రండి.